ఎద్దు పుండు కాకికి నొప్పా?

ప్రతి యేటా మన విద్యార్థి సంఘం సంచికలో వచ్చే వ్యాసాల పట్టిక చూస్తే నాకొక సంగతి తోస్తుంది. నిరుద్యోగం, విద్యా విధానంలో లోపాలు, వరకట్నం, హాస్టలు మెస్సులో సాంబారు పలుచదనం. ఈ నాలుగింటి చుట్టూనే మన ఆవేదన గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఇవి సమస్యలు కావని నేననను. సాంబారు సంగతైతే అసలే అనను. కానీ మనలో చాలామందిమి పల్లెల నుండి వచ్చినవాళ్ళమే గదా! మన పరీక్ష ఫీజు కట్టిందెవరంటే నాన్న అంటాము. నాన్న చేతిలో ఆ డబ్బు పెట్టింది మా ఇంట్లోనైతే ఒక ఎనుము. మీ ఇంట్లో జత ఎద్దులో, నాలుగు మేకలో అయి ఉండవచ్చు. వాటి గురించి ఈ సంచికలో ఒక్క పేజీ కూడా నేనెన్నడూ చదవలేదు.

"దెబ్బలు తగిలిన పశువుల గురించి రాస్తాను" అంటే సంపాదక మిత్రుడు నవ్వి, "అది వెటర్నరీ వాళ్ళ సంచికకు పంపరాదూ?" అన్నాడు. సరిగ్గా ఆ మాటకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని సామెత. పొడుచుకుని తినే కాకికి నొప్పి తెలియదు, సరే. ఆ ఎద్దు దున్నిన చేలో పండిన గింజ తిని పెరిగి, డిగ్రీల కోసం పట్నం చేరిన మనకు తెలియాలా, వద్దా? ఇది నేను ఆవేశంతో అడుగుతున్న ప్రశ్న కాదు, ఇంటి లెక్కలు చూసిన మీదట అడుగుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన పల్లెల్లో గాయపడ్డ పశువు, జబ్బుపడ్డ పశువు చాలాసార్లు చచ్చేది మందు లేక కాదు. మందు పడ్డ తర్వాత పది పదిహేను రోజులు చాకిరీ చేసే దిక్కు లేక. డాక్టరు పని ఒక గంట. ఆ గంట కోసం ప్రభుత్వాలు ఏదో ఒకటి చేస్తూనే వస్తున్నాయి. 1962 నెంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం ఊరికి వచ్చే ఏర్పాటు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైంది. బండి వస్తుంది, సూది వేస్తారు, కట్టు కడతారు, చీటీ రాసిస్తారు, వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. పక్క ఊళ్ళో ఇంకో పశువు ఉంటుంది. ఆ రాత్రి పది గంటలకు కట్టు తడిసిపోతే మార్చేదెవరు? తెల్లవారుజామున నోటికి జావ పట్టేదెవరు? కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇంట్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరే ఉంటే, పడుకున్న ఎనుమును ప్రక్కకు తిప్పేదెవరు?

ఈ ప్రశ్నలకు మా ఊళ్ళో ఒక జవాబు దొరికింది. దాన్ని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మాది కర్నూలు జిల్లా పడమటి భాగం, మెట్ట ప్రాంతం. చాలా ఊళ్ళలో లాగే మా ఊళ్ళోనూ ఒక బందెలదొడ్డి ఉండేది. 1871లో తెల్లవాళ్ళు చేసిన పశువుల అతిక్రమణ చట్టం కింద, ఎవరి చేలోనో పడి మేసిన పశువును తోలుకొచ్చి అందులో కట్టేసేవారు. సొంతదారుడు బందె కట్టి విడిపించుకోవాలి. అంటే పశువుల జైలన్నమాట. ఇప్పుడు తోలేవాళ్ళూ లేరు, కట్టేవాళ్ళూ లేరు. నాలుగు గోడలు, ఒక నీళ్ళ తొట్టి, రెండు వేపచెట్లు మిగిలాయి. దాని వెనకే ఊరుమ్మడి భూమి కొంత బీడుగా పడి ఉండేది. పొదుపు సంఘం ఆడవాళ్ళు పంచాయతీని అడిగి ఆ భూమిలో ఉమ్మడిగా సజ్జా, జొన్నా, పశుగ్రాసమూ వేసుకున్నారు. పేడ కోసం, ఎరువు కోసం దొడ్డిని బాగుచేసి బోదకొట్టం వేశారు. మొదట అక్కడ జబ్బు పశువులను కడదామన్న ఆలోచన ఎవరికీ లేదు. ఒక ఇంటి ఎనుము పడిపోయింది. ఆ ఇంట్లో చోటు లేదు. ఎడ్లబండి మీద దొర్లించి తెచ్చి ఈ కొట్టంలో వేశారు. అట్లా మొదలైంది.

ఆ ఎనుము సంగతి నేను సెలవుల్లో ఉండి చూశాను. ఈని రెండో రోజు. మెడ పక్కకు వంచి డొక్కలో తలపెట్టి పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి. పాలజ్వరం. పేరుకు జ్వరమే గాని ఒంట్లో వేడి ఉండదు. ఈనిన వెంటనే పాలలోకి సున్నపు ధాతువు ఒక్కసారిగా పోయి, నెత్తురులో కాల్షియం పడిపోయి, కండరాలు పట్టు వదిలేస్తాయి. డాక్టరు వచ్చి నరానికి కాల్షియం సీసా ఎక్కించాడు, చాలా మెల్లగా. తొందరపడితే గుండె ఆగుతుందట. మామూలుగా కొద్ది గంటల్లో పశువు లేచి నిలబడాలి. ఇది లేవలేదు. మేము పిలిచేటప్పటికే చాలాసేపు ఒకే ప్రక్కన పడి ఉంది. అంత బరువు తన కాలి మీద తనే మోపుకుని గంటల తరబడి ఉంటే కింది కాలి కండరం, నరం నలిగిపోతాయి. ఇక కాల్షియం ఎంత ఎక్కించినా కాళ్ళు నిలవవు. డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్న మాట నాకు గుర్తుంది. "నా పనయిపోయింది. మిగిలింది మీ పని."

ఆ మిగిలిన పని ఏమిటంటే: కింద చారెడు మందాన కాదు, మోకాలి మందాన గడ్డి పరచాలి. గోనెసంచుల్లో గడ్డి కూరి రెండు ప్రక్కలా దన్ను పెట్టి పశువును రొమ్ము మీద కూర్చోబెట్టాలి. పూర్తిగా వాలిపోతే కడుపు ఉబ్బుతుంది. మూడు నాలుగు గంటలకొకసారి ప్రక్క మార్చాలి, రాత్రీ పగలూ. నలుగురు మనుషులు కావాలి. పేడా ఉచ్చా ఎప్పటికప్పుడు తీయాలి, లేకపోతే చర్మం ఒరిసిపోయి పుండ్లు పడి, అసలు జబ్బు కంటే అవే చంపుతాయి. నీళ్ళు, మేత నోటి దగ్గరికి తేవాలి. కాళ్ళు మర్దనా చేయాలి. ఇందులో ఏ ఒక్క పనికీ చదువు అక్కరలేదు. అన్నిటికీ మనుషులు కావాలి.

సంఘం ఆడవాళ్ళు గోడ మీద బొగ్గుతో వంతులు రాశారు. మాపటేళ వంతు మాత్రం ఎవరూ అడగకుండానే ఒక అవ్వ తీసుకుంది. గొర్రెల మందల వెనక తిరిగి ముసలిదైన మనిషి. నేను కూడా రెండు రాత్రులు కూర్చున్నాను. ఏ కథలో లాగానో మేము తత్వం మాట్లాడుకోలేదు, ఎక్కువసేపు దోమలను తిట్టుకున్నాము. ఆమె మాట మాత్రం ఒకటి రాసుకోదగింది. డాక్టరు గొప్పదనం గురించి నేనేదో అంటుంటే, "మందు ఎవురైనా యేస్తారు నాయనా, పేడలో కూకునేదెవురు?" అంది. ఆరో రోజు ఆ ఎనుము ముందు కాళ్ళు మడిచి, వెనక కాళ్ళు ఎత్తి, ఒకసారి కూలబడి, మళ్ళీ లేచి నిలబడింది. తొడలు వణుకుతున్నాయి. దాని యజమానురాలు పెద్దగా ఏమీ అనలేదు. కొట్టం ఊడ్చి ఇంటికి పోయింది. ఆ ఎనుము పాల డబ్బుతో ఆ ఇంటి పిల్ల ఇంటర్ ఫీజు కట్టిందని తర్వాత విన్నాను.

అది లేవకపోయి ఉంటే ఏమయ్యేదో మీకందరికీ తెలుసు. మూడో రోజుకు బేరగాడు వస్తాడు. పడిన పశువుకు ధర ఉండదు. ఎంతిస్తే అంతకు కళ్ళు మూసుకుని ఇచ్చేస్తారు. ఆ కుటుంబం కొత్త ఎనుము కొనడానికి వడ్డీకి తెస్తుంది. వడ్డీ పెరిగితే మొదట ఆగిపోయేది ఆడపిల్ల చదువు. దయ సంగతి పక్కన పెట్టి చూసినా, ఒక గోనెసంచి గడ్డికీ ఒక పిల్ల చదువుకూ ఉన్న ముడి ఇది.

తర్వాత ఆ కొట్టంలోకి రకరకాలవి వచ్చాయి. కాడి కింద మెడ చివికి పుండైన ఎద్దు వచ్చింది. జతలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయితే కాడి సమంగా కూర్చోదు, ఒరిపిడి అంతా ఒకదాని మెడ మీదే. దానికి కావలసిన మందు విశ్రాంతి. అది మాత్రం దుక్కుల రోజుల్లో రైతు ఇవ్వలేడు. బండెద్దులను రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదనీ, వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 వరకు కట్టనే కట్టరాదనీ 1965 నాటి నియమాలున్నాయి. మా వైపు ఎండాకాలం 37 డిగ్రీలంటే చల్లటి రోజు కింద లెక్క! నియమం గోడ మీద ఉంటుంది, కాడి మెడ మీద ఉంటుంది.

పుండులో పురుగులు పడ్డ మేకలు, దూడలు చాలా వచ్చాయి. ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే మాంసం తొలుచుకుపోతాయి. టర్పెంటైను నూనె వేస్తే పురుగులు పైకి వస్తాయి. పట్టకారుతో ఒక్కొక్కటే తీయాలి, కడగాలి, ఈగ వాలకుండా వేపనూనె పూయాలి, మర్నాడు మళ్ళీ చూడాలి. మా అవ్వ అయితే సీతాఫలం ఆకు నూరి పెట్టేది. మొదటి రోజు నేను వాంతి చేసుకున్నాను. మూడో రోజు పట్టకారు నా చేతిలోనే ఉంది.

గాలికుంటు వస్తే చెప్పనక్కరలేదు. నోరంతా పొక్కి, గిట్టల సందు చీలి, మేత ముట్టదు. దానిది వైరసు, చంపే మందు లేదు. ఏటా రెండుసార్లు టీకా వేసే జాతీయ పథకం 2019లో మొదలైంది. టీకా తప్పిన పశువుకు మాత్రం చాకిరీ ఒక్కటే వైద్యం. పటిక నీళ్ళతో నోరు కడగడం, రాగిజావ పట్టడం, గిట్టలు శుభ్రంగా ఉంచడం. జావ పట్టడమంటే గుర్తొచ్చింది. వెదురుగొట్టంతో మందు పోసేటప్పుడు నాలుక బయటికి లాగి పట్టుకునే అలవాటు మన ఊళ్ళలో ఉంది. దయచేసి మీ ఇళ్ళలో మాన్పించండి. నాలుక లాగితే మింగలేదు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల మరీ పైకెత్తినా అంతే. పడుకుని మగతగా ఉన్న పశువుకైతే అసలు పోయనే కూడదు.

ఇంకొకటి, పెళ్ళిళ్ళ అన్నం. భోజనాల తర్వాత మిగిలిన అన్నం గుట్టగా పారబోస్తాము, ఆవు కడుపునిండా తిన్నదని పుణ్యం వచ్చినట్లు సంబరపడతాము. ఆ అన్నం పొట్టలో పులిసి ఆమ్లమై ఒక్క రోజులో పశువును చంపగలదు. ఆ అన్నాన్ని మూటగట్టి పారేసే ప్లాస్టిక్ సంచి మరింత మెల్లగా చంపుతుంది. పశువుల కడుపుల్లో చేరే ఈ సంచుల విషయమై పుట్టపర్తిలోని కరుణా సొసైటీ 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మన హాస్టలు వెనక కుప్ప చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి జ్ఞాపకం వస్తుంది.

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. మా ఊరికి బస్సు దూరంలోనే ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండవ శిలాశాసనం చెప్పేది, రాజు మనుషులకూ పశువులకూ రెండు విధాల చికిత్స ఏర్పాటు చేశాడనీ, మూలికలు లేని చోట తెప్పించి నాటించాడనీ. చరిత్ర విద్యార్థులు బస్సు కట్టుకుని పోయి ఆ బండల దగ్గర ఫోటోలు దిగి వస్తారు. రెండువేల రెండొందల ఏళ్ళ నాడు ఆ రెండు పనులనూ ఒకే వాక్యంలో పెట్టిన మనిషిని మనం పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న చేసుకున్నాము.

ఇక నాతో వాదించేవాళ్ళ సంగతి. "మనుషులకే దిక్కులేదు, పశువులకా?" అని మొదటి మాట. ఈ మాట అనేవాళ్ళలో మనుషులకు ఏదైనా చేసినవాళ్ళు నాకు తారసపడటం అరుదు. పైగా మా కొట్టంలో పనిచేసేది ఊళ్ళోకెల్లా బీద ఆడవాళ్ళు. వాళ్ళకీ రెండూ వేర్వేరుగా కనిపించలేదు.

"ట్రాక్టర్లు వచ్చాయి గదా, ఎద్దులెక్కడివి?" అన్నది రెండోది. ఇందులో కొంత నిజముంది. 2019 పశుగణనలో దేశమంతటా నాటు పశువుల సంఖ్య అంతకు ముందు లెక్క కంటే సుమారు 6 శాతం తగ్గింది. అయినా అదే లెక్కలో ఆవులూ ఎద్దులూ 19 కోట్ల పైచిలుకు, ఎనుములు దాదాపు 11 కోట్లు ఉన్నాయి. ట్రాక్టరు కొనలేనివాడి దగ్గరే అవి ఎక్కువ.

మూడో మాట చిక్కయినది. "అయితే గోశాల పెట్టమంటావా?" అంటారు. కాదు. గోశాల పెట్టేవారి భక్తిని నేను కాదనను, కానీ నేననేది అది కాదు. గోశాలకు పోయిన ఆవు మళ్ళీ రైతు ఇంటికి రాదు. మా కొట్టం ఆసుపత్రి వార్డు వంటిది. పశువు బాగుపడి తన ఇంటికి తను పోవాలి. అక్కడ ఆవుకూ ఎనుముకూ భేదం లేదు. ఎనుము పాలు తాగి ఆవుకు పూజ చేసే దేశం మనది. ఎనుముకు పసుపు కుంకుమలు లేవు, చాకలివాని గాడిదకు అసలే లేవు. పుండు మాత్రం అన్నిటికీ ఒకటే. ముసలి ఎద్దును సంతలో అమ్ముకున్న రైతును పట్టణంలో కూర్చుని కసాయివాడనడం కూడా నాకు సమ్మతం కాదు. దానికి గడ్డి ఎవరు వేస్తారో చెప్పకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదని నా ఉద్దేశం.

అన్నీ బతుకుతాయని కూడా నేను చెప్పను. మేకపిల్ల కాలు విరిగితే వెదురుబద్దలు కట్టి కొన్ని వారాలు జాగ్రత్తగా చూస్తే అతుక్కుంటుంది. పెద్ద ఎద్దు వెనక తొడ ఎముక విరిగితే ఆశ చాలా తక్కువ. అప్పుడు దాన్ని రోజుల తరబడి బాధపెట్టి "మేము వదల్లేదు" అని చెప్పుకోవడం దయ కాదు. ఆశ లేక బాధపడే జంతువును నొప్పి తెలియకుండా పంపించడానికి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షనులోనే వీలుంది. ఆ నిర్ణయం మన జాలికి వదలక డాక్టరు చెప్పినట్లు చేయాలి. నొప్పి తగ్గించే సూది విషయంలో కూడా ఆయన మాటే వినాలి. 2006లో పశువులకు నిషేధించిన డైక్లోఫెనాక్‌ను, చవక అని, మనుషుల మందుల షాపులో కొనుక్కొచ్చి వేయడం ఘోరం. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. మన ఆకాశంలో రాబందులు కనిపించకపోవడానికి ఆ మందే ముఖ్య కారణం. దాని బదులు మెలాక్సికామ్ ఉంది, రాబందుకు హాని లేదు.

ఇంతకూ మనమేం చేయగలం? మన కళాశాలలో ఎన్.ఎస్.ఎస్. ఉంది. 1969లో గాంధీ శతజయంతి సంవత్సరంలో మొదలైన పథకం, వాలంటీరు ఏటికి 120 గంటలు సేవ చేయాలి. మనం ఆ గంటలు ఎట్లా ఖర్చు పెడుతున్నామో అందరికీ తెలుసు. ఊరేగింపు, బ్యానరు, రోడ్డు పక్క గోడకు సున్నం, ఫోటో. ప్రత్యేక శిబిరం ఏడు రోజులు. పాలజ్వరం వచ్చి పడిన ఎనుము ఆరో రోజు లేచిందని పైన రాశాను. ఇరవై మంది విద్యార్థులు వంతులు వేసుకుంటే ఒక్క శిబిరంలో అట్లాంటిదాన్ని నిలబెట్టవచ్చు. ప్రతి మండలంలో ఒక పాత బందెలదొడ్డి అయినా ఇంకా కూలకుండా ఉండే ఉంటుంది. పంచాయతీ అనుమతి, పొదుపు సంఘం ఆడవాళ్ళ తోడు, దగ్గరి పశువైద్యశాల డాక్టరుగారి పర్యవేక్షణ ఉంటే చాలు. మందులు మన చేతుల్లో ఉండనక్కరలేదు, ఉండకూడదు కూడా. మనకు కావలసింది గడ్డి, నీళ్ళు, బలమైన చేతులు, నిద్ర లేకుండా ఉండగల వయసు. చివరిది మన దగ్గర దండిగా ఉంది, ప్రస్తుతం దాన్ని మొబైలు ఫోన్లకు ధారపోస్తున్నాము.

విద్యార్థి సంఘం రాబోయే కార్యవర్గం ముందు ఈ ప్రతిపాదన పెట్టదలచాను. ఈసారి శిబిరం ఏ ఊళ్ళో అన్నది ఓటు వేసి తేల్చుకోవచ్చు, మా ఊరే కావాలన్న పట్టు నాకు లేదు. మా ఊరి కొట్టానికి మాత్రం ప్రస్తుతం పాత గోనెసంచులు, ఉతికిన పాత పంచెలు, నాలుగు ప్లాస్టిక్ బకెట్లు, లావుపాటి నూలు తాళ్ళు, రాత్రి వెలుతురుకు ఒక మంచి టార్చిలైటు కావాలి. ఇవ్వగలవారూ, వేసవి సెలవుల్లో రాదలచినవారూ హాస్టలు రెండో అంతస్తు చివరి గదిలో నన్ను కలవండి. వచ్చేవారు లుంగీ తెచ్చుకోండి. ప్యాంటుతో ఆ పని సాగదు.